పని రాని కోడలు

కోడలు స్టార్టర్ బటన్ నొక్కింది. బండి కిక్కురుమనలేదు. మళ్లీ నొక్కింది. మీటర్‌లో దీపమైనా వెలగలేదు. నిన్న సాయంత్రం ఊరి చివరిదాకా వెళ్లొచ్చిన బండి, తెల్లారేసరికి చచ్చి ఊరుకుంది.

సీటు ఊడదీసి ఫ్యూజుల పెట్టె తెరిచింది. పెద్ద ఫ్యూజు ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది. ఫ్యూజు కాలిపోవడం విన్నాం గానీ, కాళ్లొచ్చి వెళ్లిపోవడం ఎవరూ వినలేదు. తలెత్తి చూస్తే వరండాలో అత్తగారు కుర్చీ వేసుకుని టీ తాగుతూ షెడ్డు వైపే చూస్తోంది.

కొండల అవతలిదాకా ఒంటరిగా బండి మీద వెళ్లిరావాలని కోడలి పంతం. మంచు మొదలైతే ఆ దారి మూసేస్తారు. ఆఫీసులో సెలవు కూడా ఈ నెలాఖరుకే దొరికింది, ఇప్పుడు తప్పితే మళ్లీ ఎప్పటి మాటో. అందుకే బండికి రెండు వైపులా పెట్టెలు బిగించింది, ఇంజను కింద రాళ్లు తగలకుండా దళసరి రేకు వేయించింది, స్పేర్లు కొని సర్దుకుంది. ఇదంతా చూసి అత్తగారు ఒక్క మాటలో తేల్చేసింది.

"పని రాదు గానీ, బండేసుకుని దేశాలు తిరుగుతుందట."

ఆ మాట కోడలికి కొత్తేం కాదు. కాపురానికి వచ్చిన కొత్తలో గిన్నె మాడ్చినప్పుడూ అదే విన్నది. వంటకీ బండికీ ఏం సంబంధమని లోలోపల మండిపడింది. ఆ ఇంట్లో అత్తగారు "వెళ్లిరా" అనందే ఎవరూ గడప దాటరు. పాల ప్యాకెట్ కోసం వీధి మలుపుదాకా వెళ్లే కొడుక్కి కూడా ఆ మాట పడాల్సిందే. కోడలి ప్రయాణానికి మాత్రం ఆవిడ నోరు పెగల్లేదు.

ఫ్యూజు సంగతి భర్తకి చెబితే గోడ మీద పిల్లిలా చూశాడు. అమ్మ అంత పని చేయదన్నాడు. ఒకవేళ చేసినా మనసులో ఏమీ ఉండదన్నాడు. పెట్టెలో ఇంకో ఫ్యూజు ఉందిగా, వేసుకోమన్నాడు. కోడలు వేసుకుంది.

మరునాడు చెయిన్ వదులై వేలాడుతోంది. కోడలు బండితో వచ్చిన పుస్తకం ముందు పెట్టుకుని, చక్రం వెనక్కి జరిపి బిగించింది. ఆ తర్వాత గేరు వేస్తే చాలు, ఇంజను ఆగిపోవడం మొదలైంది. పూటంతా వెతికితే సైడ్ స్టాండ్ దగ్గర వైరు ఊడి ఉంది. మెకానిక్‌కి ఫోన్ చేసింది. అతను మామగారి దగ్గర పని నేర్చుకున్నవాడు.

"అమ్మ వద్దన్నారు మేడమ్. షెడ్డులో అడుగు పెడితే కాళ్లు విరగ్గొడతానన్నారు."

ఆ షెడ్డులోనే మామగారు బతికున్నన్నాళ్లూ బళ్లు బాగుచేశారు. ఆయన బండి కింద పడుకుని చెయ్యి చాపితే, ఏ స్పానర్ కావాలో అడక్కుండా అందించింది అత్తగారే. అలాంటి మనిషికి బండి పాడుచేయడం ఎంతసేపు? కోడలు షెడ్డుకి తాళం వేసింది. తాళం వేసినట్టే ఉంది, పొద్దున ఇంజను మాత్రం ఊపిరాడక దగ్గింది. ఎయిర్ ఫిల్టర్ విప్పితే లోపల పాత చీర ముక్క కుక్కి ఉంది. ఆ అంచు ఎవరి చీరదో ఇంటిల్లిపాదికీ తెలుసు.

దాన్ని పట్టుకెళ్లి కుర్చీ ముందు నిలబడింది.

"మీరేనా అత్తయ్యా?"

"నేనే. ఏం చేస్తావ్?"

"బాగుచేసుకుంటాను. మీరు రోజుకొకటి పాడుచేయండి, రోజూ బాగుచేసుకుంటాను. వెళ్లడం మాత్రం మానను."

"సరే. నువ్వెలా వెళ్తావో నేనూ చూస్తాను."

ఇక ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. వెనక టైరులో మేకు దిగింది. కోడలు చక్రం ఊడదీసి, టైరు విప్పి, ట్యూబుకి ప్యాచ్ వేసింది. వేళ్ల కణుపులు దోక్కుపోయాయి. తిరిగి ఎక్కించేటప్పుడు ట్యూబు రిమ్ముకీ టైరుకీ మధ్య నలగబోతుంటే అత్తగారు గబుక్కున లేచి నిలబడింది. కోడలు తనంతట తనే చూసుకుని సర్దుకుంది. ఆవిడ మళ్లీ కూర్చుంది. చోద్యం చూడ్డానికి లేచిందనుకుని కోడలు పళ్లు కొరికింది.

ఏది చెడినా దాని స్పేరు తన పెట్టెలో ఉండటం ఒక్కటే కోడలి అదృష్టం. బ్రేకుల జోలికి మాత్రం అత్తగారు పోలేదు. ఆ మాత్రం పాపభీతి ఉందిలే అనుకుంది. చివరికి క్లచ్ కేబుల్ తెగింది. అత్తగారి టీ చల్లారేలోపే కోడలు కొత్తది వేసేసింది. ఆవిడ కప్పు తీసుకుని గబగబా లోపలికెళ్లిపోయింది. ఓడిపోయి మొహం చాటేసిందని కోడలు పొంగిపోయింది.

బయల్దేరే రోజు వచ్చింది. భర్త పెట్టెలు బిగించి, అమ్మ వైపు చూడకుండా పక్కకు తప్పుకున్నాడు. కోడలు బటన్ నొక్కింది. బండి ఒక్క నొక్కుకే అందుకుంది. ఆమెకు నమ్మకం కలగలేదు. ఇంజను ఆపి చెయిన్ ఊపింది, వైర్లు లాగి చూసింది, టైర్లు తడిమింది, ఫిల్టర్ విప్పింది. అన్నీ సవ్యంగానే ఉన్నాయి. దాంతో ఇంకా భయమేసింది. ఏ లోపం దొరక్కుండా దాచారో, అది నడిదారిలో బయటపడితే దిక్కెవరు?

హెల్మెట్ పెట్టుకుని నేరుగా వరండా ముందుకొచ్చి నిలబడింది.

"మీరు వెళ్లిరా అనకపోయినా వెళ్తాను అత్తయ్యా. ఇవాళేం పాడుచేశారో అది చెప్పండి చాలు."

"ఏమీ చేయలేదు."

"ఎందుకని?"

అత్తగారు టీ కప్పు పక్కన పెట్టి, మెట్లు దిగి, కోడలి గడ్డం కింద హెల్మెట్ పట్టీని ఒకసారి లాగి చూసింది.

"పని వచ్చేసిందిగా, వెళ్లిరా."