బోయెన్ కంప్యూటర్ చెప్పిన టైము

షిన్‌చూ ఫ్యాక్టరీలో రెండో షిఫ్టు మాది. ప్రతి కంప్యూటరూ నిమిషానికోసారి పెద్ద సర్వర్‌ని టైము అడిగి తన గడియారం సరిచేసుకుంటుంది. మనిషి చచ్చినా పట్టని యాజమాన్యం సెకను తప్పితే విలవిల్లాడుతుంది.

పోయిన నెల ఒక రాత్రి పది నలభైకి, నా వెనక కూర్చునే బోయెన్ కుర్చీలోనే కుప్పకూలి పోయాడు. మేం డ్యూటీ దిగేది పదకొండుకి. మేనేజరు చెప్పాడని సర్వర్ గడియారాన్ని అరగంట ముందుకు తోసింది నేనే. డ్యూటీ దిగాక పోయాడని రికార్డయింది; కంపెనీకి పరిహారం ఇచ్చే పని తప్పింది. అతని భార్య గేటు దగ్గర అట్ట పట్టుకుని రోజూ నిలబడుతోంది: "నా భర్త ఎప్పుడు పోయాడు?"

ఈ రాత్రి గడియారాలన్నీ మెల్లగా వెనక్కి జరగసాగాయి. టైము ఎవరిని అడుగుతున్నాయా అని చూశాను. బోయెన్ కంప్యూటర్‌ని. దాని ప్లగ్గు పీకి నెలయింది.

"సర్వర్ మీది పచ్చ ప్యాకెట్‌కి తేదీ దాటింది మేయ్‌చిన్. అందుకే పెంకితనం," అన్నాడు పక్క సీటు హోంగ్ అన్న. యంత్రం బుద్ధిగా ఉండాలని మేం పెట్టే చిరుతిండి అది. కొత్తది పెట్టాడు.

"ఇంకా వెనక్కే పోతోందన్నా."

"నన్నడుగుతావేం? టైము మార్చడంలో చేయి తిరిగినదానివి నువ్వే కదా," అని టీకి వెళ్లిపోయాడు.

ఫ్యాన్ల హోరు నిద్రలో ఊపిరిలా సన్నబడింది. గడియారాలన్నీ పది నలభై దగ్గర ఆగాయి. సరిచేయబోయి చెయ్యి దించేశాను. ఆనాటి రికార్డు తెరిచి, డ్యూటీలోనే పోయాడనీ టైము మార్చింది నేనేననీ రాసి, కింద నా పేరు పెట్టాను.

నా వెనక ఖాళీ కుర్చీలో ఎవరో బిగబట్టిన ఊపిరి వదిలారు. గడియారాలు మాత్రం కదల్లేదు.