గ్లాసు కింది కార్డు

నదీన్ రాసిన కార్డు వెండల్ మంచినీళ్ళ గ్లాసు కింద పడుంది.

నేను కళ్ళారా చూశాను. కార్డు చదివాడు, మూతి ముడిచాడు, గ్లాసెత్తి దాని కింద పెట్టేశాడు. ఆ గ్లాసులోవి సీసా నీళ్ళు. ఇంటి నుంచి తెచ్చుకున్నాడు.

మా ఊరి లైబ్రరీలో ఏ చర్చ జరిగినా పద్ధతి ఒక్కటే. జనం ప్రశ్నలు కార్డుల మీద రాసిస్తారు. నేను పోగుచేసి వేదిక మీదికి అందిస్తాను. సభ నడిపే మనిషి చదువుతాడు.

స్కూలు బస్సు తోలడం మానేశాక ఊరికే కూర్చోలేక ఈ పని పట్టుకున్నాను. పదకొండేళ్ళయింది.

ఆ శనివారం మధ్యాహ్నం చర్చ పేరు ‘ఊరికి పత్రిక ఎందుకు?’

నడిపేది వెండల్ క్రాస్, మా వారపత్రిక యజమాని. పక్కన మేయర్ హాల్వర్సన్. ఆ పక్కన కొలంబస్ నగరం నుంచి వచ్చిన ప్రొఫెసరమ్మ.

ఇరవై రెండేళ్ళు ఆ పత్రికకి వార్తలు రాసిన నదీన్ మాత్రం కింద, మూడో వరసలో, ఇనప కుర్చీలో.

మార్చిలో మిల్ స్ట్రీట్ కుళాయి నీళ్ళు పరీక్షకి పంపారు. రిపోర్టు వచ్చింది. మేయర్ బయట పెట్టలేదు. నదీన్ ఆ సంగతి రాస్తే, అచ్చుకి వెళ్ళే రోజు వెండల్ ఆ వార్త తీసేశాడు. మర్నాడు ఆమెనీ తీసేశాడు. ఇవాళ కార్డు మీద ఆ రిపోర్టు గురించే అడుగుతానని నాకు ముందే చెప్పింది.

మా అమ్మాయి ఉండేది మిల్ స్ట్రీట్‌లోనే. ఐదు నెలల పిల్లకి ఆ నీళ్ళతోనే పాలు కలుపుతుంది. వద్దే అంటే, “మేయర్ బాగున్నాయన్నాడు కదమ్మా, నీదంతా చాదస్తం” అంటుంది.

“ప్రజల ప్రశ్నే పత్రికకి ప్రాణం!” అంటున్నాడు వెండల్ మైకులో.

ఆహా! ఆ ప్రాణం మీదే కదయ్యా గ్లాసు పెట్టావు. నాకు ఒళ్ళు మండిపోయింది.

రెండో విడత కార్డులు పంచడానికి లేచాను. నదీన్ దగ్గర వంగాను.

“నీది గ్లాసు కిందకి పోయిందే.”

“చూశాను.” నవ్వింది గానీ కళ్ళు ఎర్రబడ్డాయి. “ఇంక ఇంటికి పోతానే ఆర్లీన్. నా వల్ల కాదు.”

“కదిలావంటే కాళ్ళు విరగ్గొడతా. కూర్చో.”

వెనక వరసలో వాల్ట్. ఎనభై ఒకటి దాటాయి, మిల్ స్ట్రీట్‌లో మొదటి ఇల్లు. కార్డుతో పాటు చెవిలో ఒక మాట కూడా వేశాను.

“ఏంటీ! మార్చి నీళ్ళ రిపోర్టు ప్రశ్న గ్లాసు కింద దాచాడా?”

ఆయనకి గుసగుసలాడటం చేతకాదు. అదృష్టం, అప్పుడే ప్రొఫెసరమ్మ మాటకి చప్పట్లు పడ్డాయి, వేదిక మీదికి వినపడలేదు.

సగం హాలు మాత్రం వినేసింది. మిగతా సగానికి పక్కవాళ్ళు చెప్పారు.

పెన్సిళ్ళు కదిలాయి.

ఫుట్‌బాల్ కోచ్ డెల్బర్ట్ చెయ్యి చాపాడు. “నాకో కార్డివ్వు. నదీన్ రాతలు నాకు పడవు. అలాగని నీళ్ళు తాగడం మానేశానా?”

కార్డులు అయిపోయాయి. బేకరీ నడిపే రెనాటా డోనట్ల కాయితం సంచీ చింపి ముక్కలు పంచింది.

అన్నీ పోగుచేసి వేదిక మీద పెట్టాను. ఒక్కటీ చదవలేదు. జనం ప్రశ్నలు నేనెప్పుడూ చదవను. మర్యాద కాదు.

వెండల్ పై కార్డు తీశాడు.

“మార్చి నీళ్ళ...”

ఆగిపోయాడు. కిందికి తోసి రెండోది తీశాడు. మూడోది. నాలుగోది. పేకముక్కల్లా కట్టంతా తిరగేశాడు.

గ్లాసు వైపు చూశాడు.

“సమయం అయిపోవచ్చింది కాబట్టి, ఇంతటితో...”

“నా ప్రశ్న చదవలేదు,” అని లేచాడు వాల్ట్.

“నాదీ చదవలేదు.” కోచ్ లేచాడు.

“నాదీ.”

“మరి నాదో?”

కుర్చీలు కిర్రుమన్నాయి. చూస్తుండగానే హాలంతా నిలబడింది.

ప్రొఫెసరమ్మ చెయ్యి చాపింది. వెండల్ చేతిలోంచి కట్ట తీసుకుని మైకు దగ్గరికి లాక్కుంది.

“మార్చి నీళ్ళ రిపోర్టులో ఏముంది?”

ఇంకోటి తీసింది.

“మార్చి నీళ్ళ రిపోర్టులో ఏముంది?”

డోనట్ల సంచీ ముక్క తీసింది. చక్కెర దులిపి చదివింది.

“మార్చి నీళ్ళ రిపోర్టులో ఏముంది?”

పంతొమ్మిది చదివింది. ఒక్కరూ కూర్చోలేదు. నా మోకాళ్ళ నొప్పి ఏమైపోయిందో, నేనూ కూర్చోలేదు.

మేయర్ టై వదులు చేసుకున్నాడు. “రిపోర్టు నా ఆఫీసులో ఉంది. సోమవారం చూద్దాం...”

“మీ ఆఫీసు రోడ్డుకి అవతలే కదండీ,” అంది రెనాటా. “వెళ్ళి తెచ్చుకోండి. మేమెక్కడికీ పోం. డోనట్లు ఇంకా ఉన్నాయి.”

హాలంతా పగలబడి నవ్వింది. మేయర్ నవ్వలేదు.

ఎనిమిది నిమిషాల్లో వచ్చాడు, చేతిలో ఖాకీ కవరుతో.

పాలిపోయిన ఆయన మొహం చూడగానే అమ్మాయికి మెసేజ్ కొట్టాను. ‘ఆ నీళ్ళతో పాలు కలపకు. సీసాలు నేను తెస్తున్నా.’

మేయర్ మైకు ముందు నిలబడి, కాయితం విప్పి, ఎవరో తరుముతున్నట్టు గడగడా చదవడం మొదలుపెట్టాడు.

మూడో వరసలో నదీన్ సంచీలోంచి పాత నోటుబుక్కు తీసింది. పెన్ను మూత పళ్ళతో లాగింది.

“మెల్లగా చదవండి మేయర్ గారూ,” అంది. “రాసుకుంటున్నాను.”