వేలి కింద గాలి

ధవళేశ్వరం కాలవగట్టు మీద చీకటి పడింది. షెడ్డులో మెకానిక్ అమ్మిరాజు రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో పెట్టుకుని, రెండో కొసను పాత కారు ఇంజన్ మీద మెల్లగా జరుపుతున్నాడు. గాలి లీకు ఎక్కడుందో అతను అలాగే కనిపెడతాడు.

“న్యూట్రల్లో పెడితే చాలు, వణికిపోతోందండి,” అన్నాడు స్టీరింగు ముందు కూర్చున్న జానకిరామ్. కారు అతను ఈమధ్యే కొన్నాడు.

ఒక పైపు పగులు దగ్గర బుస వినిపించింది.

“దొరికిందండి. ఇంజన్ ఆపేసి రండి.”

జానకిరామ్ ఆపి, దిగి, పక్కన వచ్చి నిలబడ్డాడు. అమ్మిరాజు చెవిలో మాత్రం బుస ఆగలేదు. ఇంజన్ ఆగాక గాలి పీల్చేదేమీ ఉండకూడదు. పైగా ఇప్పుడది ఊపిరిలా లోపలికీ బయటికీ ఆడుతోంది.

“ఎక్కడిదండీ ఈ బండి?”

“కాలవలో పడితే తీశారంటండి. అందుకే చవగ్గా వచ్చింది.”

అమ్మిరాజు చటుక్కున పగులు మీద బొటనవేలు అదిమాడు. బుస ఆగింది.

కారులో ఎవరూ లేరు. అయినా వెనక సీటు అద్దాన్ని లోపలి నుంచి ఎవరో తట్టారు. మళ్లీ తట్టారు, ఈసారి గబగబా.

“వేలు తియ్యకండి!” అంటూ జానకిరామ్ అతని చెయ్యి పట్టుకున్నాడు.

వేలిని ఏదో లోపలికి గుంజుతోంది. తట్టే చప్పుడు మెల్లమెల్లగా నీరసపడుతోంది.