రెండు మార్కులు ఎక్కువ

"మీ నాలుకకి పక్షపాతం ఉందండీ, అనక్లేతో గారూ!" అంటూ డాక్టర్ జురేమా కాగితాల కట్ట బల్లమీద పడేసింది.

కాంపినాస్ ఊళ్ళో కాఫీ రుచి చూసి మార్కులు వేయడంలో అనక్లేతోని మించినవాడు లేడు. ఆ మార్కులనే యంత్రానికి నేర్పి, కాఫీ గింజమీద వెలుగు వేసి చూడగానే యంత్రమే రుచి చెప్పేలా లెక్క కట్టాలని జురేమా పదకొండేళ్ళుగా తంటాలు పడుతోంది. లెక్క ఎక్కడో తప్పుతూనే ఉంది.

"నా నాలుకకా? మీ యంత్రానికి జలుబు చేసిందేమో చూసుకోండి!"

"తప్పు నాదేననుకుని ఇన్నేళ్ళూ జుట్టు పీక్కున్నాను. నిన్న, కప్పు ఎవరు తెచ్చారో కూడా లెక్కలో కలిపాను. వేరేవాళ్ళు తెస్తే సరైన మార్కులే. అదే కాఫీ నేను తెస్తే రెండు ఎక్కువ. ప్రతిసారీ!"

జురేమా పకపకా నవ్వింది. అనక్లేతో చెవులు ఎర్రబడ్డాయి. చెంచా కడిగి, తుడిచి, మళ్ళీ కడిగాడు.

"అంత సైంటిస్టువి. ఇది కనిపెట్టడానికి పదకొండేళ్ళు పట్టిందా, జురేమా, నీకు?"

ఆయన ఆమెను 'నువ్వు' అనడం అదే మొదలు. ఆమె నవ్వు ఆగిపోయింది. మెల్లగా కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"రేపట్నుంచి కప్పులు నేను తేను."

ఆయన తల దించుకున్నాడు.

"మార్కులు వేయడం అయ్యాక వస్తాను. మనిద్దరం తాగే కాఫీకి నువ్వేం మార్కులు వేయక్కర్లేదు."