మైనం బిళ్ల

గోవిందు ఫోన్ మోగితే చాలు, బసమ్మ చెవులు వాటంతట అవే అటు తిరిగేవి.

"అన్నా, నేను ఇందూని" అని ఆడగొంతు. గోవిందు కుంటుకుంటూ ఫోన్‌తో పెరట్లోకి పోయేవాడు.

"ఎవరామె?"

"ఎమ్మిగనూరు అమ్మి. పనుండి చేసింది."

అరికాలి పుండుకని కర్నూలు ఆసుపత్రికి తిరిగే మనిషికి ఎమ్మిగనూరులో ఏం పని? అన్నా అని పిలిచినంత మాత్రాన నమ్మేయడానికి బసమ్మ ఏమన్నా అమాయకురాలా? తనతో నాలుగు మాటలు నవ్వుతూ మాట్లాడని మొగుడికి, దానితో మాత్రం గుసగుసలు. ఆమెకు కడుపు మండిపోయేది.

గోవిందు సి.బెళగల్‌కు పోయిన పూట ఆ అమ్మి రానే వచ్చింది. తల దువ్వుకోలేదు, నుదుట బొట్టు లేదు. అయినా అందంగానే ఉంది. బసమ్మకు అదే ఇంకా మంట.

"అన్న లేడా వదినా? నేను ఇందూని."

"లేడు. లోపలికి రా" అంది బసమ్మ, దగ్గరగా చూద్దామని.

"వద్దు వదినా. ఈడే ఉంటా."

"నీళ్లన్నా తాగుతావా?"

"వద్దు."

చేతికి చెయ్యి తగలకుండా అరుగు మీద చిన్న పొట్లం పెట్టింది. "అన్నకే ఇయ్యి. వేడి తగలనీయొద్దు. రేపు కర్నూలుకు తీస్కపొమ్మని చెప్పు."

తప్పు చేసింది కాబట్టే గడప తొక్కలేకపోయిందని బసమ్మ తేల్చేసుకుంది. పొట్లం విప్పింది. తెల్లటి మైనం బిళ్ల. దాని మధ్యలో గోధుమరంగు మాంసం పొర.

మందు. మొగుణ్ణి కట్టేసుకునే మందు. వేడి తగలకూడదంట.

మండుతున్న పొయ్యిలో వేసింది. భగ్గుమంది. ఎన్నాళ్లకో ఆమె మనసు చల్లబడింది.

పొద్దు గూకే వేళకు గోవిందు వచ్చాడు.

"ఇందు వచ్చినాదా? పొట్లం ఇచ్చిందా?"

"ఇచ్చింది. పొయ్యిలో ఏసినా. అది పెట్టే మందు నా ఇంట్లో పారదు."

గోవిందు అరుగు మీద కూచున్నాడు. తిట్టలేదు.

"మందు కాదే. నా కాలి గడ్డ. రెండేండ్ల కింద ఎమ్మిగనూరులో కోసినారే, ఆ ముక్క. ల్యాబువాళ్లు మైనంలో పెట్టి దాచినారు."

"పుండు మానుతాందంటివే?"

"పుండు కాదు, చర్మం క్యాన్సరు. ఊపిరితిత్తులకు పోయింది. చెప్తే నువ్వు అన్నం మానేస్తావని చెప్పలే. మళ్లా కోసేదానికి నా ఒంట్లో సత్తువ లేదంట. ఆ పాత ముక్కలో జన్యువు మారిందేమో చూస్తామన్నారు. మారింటే మాత్రలకు లొంగుతాదంట."

బసమ్మ ఫోన్ తీసి అతని చేతిలో పెట్టింది.

"ఇంకో ముక్క ఉంటాదేమో, ఆయమ్మిని అడుగు."

"యాడుంటాది? ల్యాబు మూసేసి అన్నీ మూటలు కట్టినారు. ఇందు వాళ్ల నాయనకూ నా రోగమే, కర్నూలు ఆసుపత్రిలో నా పక్కనే కూచునేవాడు. ఆయన ముక్క కోసం మూటలన్నీ వెతుకుతాంటే, ఆయమ్మికి నాది దొరికింది. ఒక్కటే."

"మరి వాళ్ల నాయనది?"

"దొరకలే."

బసమ్మ పొయ్యి వైపు చూసింది. బూడిద తప్ప ఏమీ లేదు.

"లోపలికి రమ్మంటి. రాలే. నీళ్లు గూడా ముట్టలే" అంది, తప్పులో కొంచెమన్నా ఆ అమ్మికి పంచాలన్నట్టు.

"మైలలో ఉన్న పిల్ల మన గడప ఎట్ల తొక్కుతాది? వాళ్ల నాయన మొన్న సోమవారమే పోయినాడు."