నలుగురూ కలిసి రాసిన జవాబు

చెల్లీ,

నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? మరిదిగారి దగ్గు తగ్గిందా? కోడలికి నిద్ర పడుతోందా? ఆసుపత్రి మంచం మీద పడుకున్నా నాకు మీ బెంగే.

నిన్న మా వార్డులో డాక్టరు చదువు పిల్లలకు పరీక్ష పెట్టారు. ప్రశ్న నా కడుపునొప్పే. ముందు ఎవరికి వారు నన్ను చూసి జవాబు రాయాలి. తరువాత నలుగురూ మాట్లాడుకుని ఒకే జవాబు రాయాలట.

"వీళ్ళకు జవాబు చెప్పెయ్యకండమ్మా," అంది పెద్ద డాక్టరమ్మ. నాకు తెలిస్తే కదా.

ఎవరికి వారు రాశాక మాటల్లోకి దిగి, ముగ్గురు అల్సరన్నారు. ఒక పిల్ల మాత్రం, "గడ్డేమో," అని గొణిగింది.

"నీకన్నీ పెద్ద రోగాలే కనిపిస్తాయి," అని మిగతావాళ్ళు నవ్వారు. ఆ పిల్ల కూడా సరేనంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

డాక్టరమ్మ కాగితాలు చూసి, "క్యాన్సరని విడిగా సరిగ్గానే రాశావు. వీళ్ళ మాట విని ఎందుకు మార్చావు?" అని ఆ పిల్లను మందలించింది. ఆ తరువాత నా మొహం చూసి ఆగిపోయింది. నాకు ఎవరూ చెప్పలేదని అప్పుడు తెలిసిందామెకు.

నాకు ఏడుపు రాలేదు. ఆ పిల్లే ఏడ్చింది. "నీకు మార్కులొస్తాయిలే, ఊరుకో," అన్నాను.

ఆపరేషను పద్దెనిమిదిన. మెట్లు ఎక్కువ, నెమ్మదిగా ఎక్కు. పదిహేడున రా.

అక్క