ఒత్తుకు చోటు లేదు

మా అక్క భ్రమరాంబకు చూపు తగ్గినకొద్దీ ఫోన్ తెర మీద అక్షరాలు పెద్దవవుతున్నాయి, గళ్లు తగ్గిపోతున్నాయి. పోయినేడు నాలుగు గళ్ల యాప్ వేయించాం: నీళ్లు, మందు, పొయ్యి, చెల్లి. ఈ రోజుల్లో ఇంట్లో ఏది కదలాలన్నా దాని గడి తెర మీద ఉండాల్సిందే. మనుషులైనా అంతే, గడి ఉన్నవాళ్లకే తలుపు తెరుచుకుంటుంది. అంత లావు అక్షరాల కింద ఒత్తుకు చోటు లేక నేను కాస్తా ‘చెలి’నయ్యాను. వెళ్లినప్పుడల్లా తలుపు “చెలి వచ్చింది” అనేది. అక్క పడీపడీ నవ్వేది.

ఇప్పుడా నాలుగు గళ్లూ కంటికి ఆనడం లేదు. పొద్దున ఫోన్ల దుకాణానికి తీసుకెళ్తే అక్కడి మస్తాను, “ఇక రెండు గళ్లదే వేయాలమ్మా. ఏవి ఉంచమంటారు?” అన్నాడు.

“చెల్లిని మాత్రం తీయకు,” అంది అక్క.

“ఎదురింట్లోనే ఏడుస్తున్నాగా! వంట నేనే తెచ్చి పెడతా. నీళ్లు, మందు ఉంచవయ్యా,” అని కసిరాను.

కొత్త గళ్లు గంట తర్వాత గానీ రావన్నాడు. ఆలోపే అక్కను ఇంట్లో దిగబెట్టి, మధ్యాహ్నం అన్నం, బీరకాయ కూర పట్టుకెళ్లాను. తలుపు తెరుచుకోలేదు.

“ఎవరు?” అంది తలుపు.

“చెల్లిని.”

“చెల్లి లేదు.”

“చెలిని!” అని అరిచాను.

“చెలి లేదు.”

“తాయారూ, రావే, ఆకలేస్తోంది,” అంటూ అక్క లోపలినుంచి తలుపంతా చేత్తో తడుముతోంది. దానికి లోపలా బయటా ఎక్కడా గడియ లేదు.

“ఈ ఇంట్లో ఉన్నవి నీళు, మందు,” అంది తలుపు.